దొరగారి కాగితాల్లో ఆనందప్ప

పేరు కనిపించగానే నోరు మూసుకుని పేజీ చివరిదాకా చదివి ఉంటే జాయ్సీకి ఆ వారమంతా అన్ని తిప్పలు ఉండేవి కావు. కానీ నోరు మూసుకోవడమన్నది ఆ ఇంటి రక్తంలోనే లేదు. ఫోన్ తీసి, "నాన్నా, ఉన్నాడు! ఆనందప్ప ఉన్నాడు! దొరగారి కాగితాల్లో పేరుతో సహా ఉన్నాడు!" అని అరిచేసింది. అరిచింది అమీర్‌పేట్‌లో, అంతస్తుకో కోర్సు నేర్పే ఓ భవనంలో. కింద అంతస్తులో జావా నేర్చుకుంటున్నవాళ్లు ఎవరికో ఉద్యోగం వచ్చిందనుకుని కుళ్లుకున్నారు.

జాయ్సీ ఆ భవనం మూడో అంతస్తులో జర్మన్ నేర్పుతుంది. జర్మనీ ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు వెళ్లబోయే నర్సులు ఆమె విద్యార్థులు. క్లాసులయ్యాక ఆమె పెట్టుకున్న పని ఇంకొకటి ఉంది, జీతం లేనిది. వెండ్లర్ దొర కాగితాలు చదవడం.

ఈ వెండ్లర్ దొర రెండున్నర శతాబ్దాల కిందట మచిలీపట్నంలో ఓడ దిగిన జర్మన్ పండితుడు. అక్కడినుంచి గోల్కొండ దాకా కొంత పల్లకీలో, కొంత ఎద్దుబండిమీద తిరిగాడు. చెట్టు కనిపిస్తే ఆకు కోసుకున్నాడు, చేప కనిపిస్తే బొమ్మ గీసుకున్నాడు, మనిషి కనిపిస్తే మాటలు అడిగి రాసుకున్నాడు. తిరిగి వెళ్లి అచ్చు వేయించిన పుస్తకం పరమ గంభీరంగా ఉంటుంది. అందులో చేపలకు కూడా పేర్లున్నాయి గానీ మనుషులకు లేవు. తనకోసం రాసుకున్న సొంత కాగితాలు మాత్రం అక్కడేదో ఊరి గ్రంథాలయంలో పెట్టెల్లో మగ్గి మగ్గి, ఈ ఏడాదే ఫొటోలుగా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. రాతేమో పాత జర్మన్ రాత, కోడి గెలికిన దిబ్బ నయం. అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకోవడానికే జాయ్సీకి సగం ఎండాకాలం పోయింది.

ఈ తపనంతా తండ్రి కోసం. దయారత్నం ఎర్రమంజిల్‌లో ఓ ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. "మా మూలపురుషుడు ఆనందప్ప వెండ్లర్ దొరగారి మున్షీ. దొరకు తెలుగు నేర్పింది మావాడే" అని ఆయనకు నాయనమ్మ చెప్పింది. ఆ మాట ఆయన పంజాగుట్టలో తాము వెళ్లే చర్చిలో క్రిస్మస్ విందు జరిగినప్పుడల్లా చెప్పేవాడు. అందరూ తలూపేవాళ్లు. సంఘ కార్యదర్శి మోసెస్ గారు మాత్రం ఎటో చూస్తూ, "ఆధారమేమైనా ఉందేమో అడగండి ఆయన్ని" అనేవారు, పక్కవాళ్లతో.

అమీర్‌పేట్‌కూ పంజాగుట్టకూ మధ్య మెట్రోలో దూరం ఒక్క స్టేషను. జాయ్సీ ఆ ఒక్క స్టేషను దాటి ఇల్లు చేరేలోపల దయారత్నం అయ్యగారికి, అంటే పాస్టరు గారికి ఫోన్ చేయడం, అయ్యగారు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం, దానికి దండాలూ పువ్వులూ కుప్పలుగా రావడం అన్నీ అయిపోయాయి. ఆమె గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా ఆదివారం కార్యక్రమం ఖరారైంది. సంఘ వార్షికోత్సవం నాడు మున్షీ ఆనందప్ప వారసునికి సన్మానం. దొరగారి కాగితమును కుమారి జాయ్సీ చదివి వినిపించును. అనంతరం బిర్యానీ.

"మోసెస్ గారు ఫోన్ చేశారు తల్లీ," అన్నాడు దయారత్నం. "స్వయంగా ఆయనే. శాలువా నేనే కప్పుతాను దయారత్నం గారూ, అన్నారు. గారూ అన్నారు!"

ఆ 'గారూ' వెనక పద్దెనిమిదేళ్ల కథ ఉంది. అది చెప్పాలంటే ముందు ఆ ఇంటి నవ్వు సంగతి చెప్పాలి.

ఆ ఇంట్లో పుట్టినవాళ్ల నవ్వు నోట్లో మొదలవదు. మొదట భుజాలు ఎగురుతాయి. భుజాలు ఎగరడం చూడగానే పక్కనున్నవాళ్లు గ్లాసులూ గిన్నెలూ దూరంగా జరిపేస్తారు. తర్వాత ముక్కులోంచి సన్నగా ఒక కీచు, నూనె లేని గిలకలాగా. ఆ పైన ఇక మనిషి నిలబడలేడు, ఎక్కడుంటే అక్కడే కూలబడతాడు. పెళ్లా, చావా, పై అధికారి ముందా అన్న విచక్షణ ఆ నవ్వుకు లేదు.

పద్దెనిమిదేళ్ల కిందట మోసెస్ గారు వేసవి సెలవులకు బట్టతలతో చెన్నై వెళ్లి, నిండు జుట్టుతో తిరిగొచ్చారు. సంఘంలో ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనిషి, కోపిష్టి, పైగా చర్చి తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ మోకరించారు. మోసెస్ గారు భక్తితో తల బాగా వంచారు. జుట్టు నుదుటిమీదికి జారింది. ఆయన తల లేచింది, జుట్టు లేవలేదు. పక్కనే మోకరించి ఉన్న దయారత్నం భుజాలు ఎగిరాయి.

ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి ఎత్తుకుపోయి వరండాలో కూర్చోబెట్టారు. లోపల కీర్తన పాడుతున్నంతసేపూ బయట గిలక కీచుమంటూనే ఉంది.

అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. అంతకు ముందు ఇద్దరూ లక్డీకాపూల్‌లో టీ తాగకుండా ఏ శనివారమూ గడపనివాళ్లు. దయారత్నం క్షమాపణ అడగడానికి ఎన్నోసార్లు వాళ్లింటి మెట్లెక్కాడు. కానీ క్షమించమనాలంటే దేనికో చెప్పాలి కదా. చెప్పాలంటే ఆ మాట అనాలి. విగ్గు అన్న మాట మోసెస్ గారి ముందు అనడానికి పంజాగుట్టలో ఎవరికీ నోరు రాదు. వెళ్లినవాడు మంచినీళ్లు తాగి వచ్చేసేవాడు. చివరికి శిక్ష తనకు తనే వేసుకున్నాడు. నవ్వడం మానేశాడు. టీవీలో హాస్యం వస్తే లేచి వరండాలోకి పోతాడు. జాయ్సీకి తండ్రి నవ్వు చిన్నప్పటి జ్ఞాపకం మాత్రమే.

కాబట్టి ఆ ఆదివారం కప్పబోయేది శాలువా కాదు. పోయిన స్నేహితుడు తిరిగొస్తున్నాడు. అది జాయ్సీకి తెలుసు. అందుకే మర్నాడు క్లాసయ్యాక మిగతా పేజీ చదివి, కుర్చీలోంచి సగం కిందికి జారింది.

ఆమె చదివి చెబుతుంటే సుమశ్రీ టైపు చేస్తోంది. ఆ పిల్ల భీమవరంనుంచి వచ్చిన నర్సు. బుద్ధిమంతురాలు, ఎంత బుద్ధిమంతురాలంటే టీచరు దగ్గితే ఆ దగ్గు కూడా రాసుకుంటుంది.

దొర ఇలా రాసుకున్నాడు.

"ఆనందప్ప నా గొడుగు పట్టే మనిషి. చదువు రాదు. నేను తెలుగు మాట్లాడితే నవ్వుతాడు, చేత్తో అన్నం తింటే నవ్వుతాడు, పల్లకీ ఎక్కబోయి అవతలివైపు దిగిపోతే ఆ రోజంతా నవ్వుతాడు. ముందు అతని భుజాలు ఎగురుతాయి. తర్వాత ముక్కులో బావి గిలక చప్పుడు. ఆపైన నేలమీద కూర్చుంటాడు."

జాయ్సీ చేయి తనకు తెలియకుండానే తన భుజంమీదికి వెళ్లింది.

"మున్షీ కాదా మేడమ్?" అంది సుమశ్రీ.

"కాదు. ఆగు, ఇంకా ఉంది."

ఇంకా ఉన్నదేమిటంటే, మే నెలలో ఒకనాడు దొర ఊరిమీద పెత్తనం చేసే ఫౌజుదారు దర్శనానికి వెళ్లాడు. పట్టుకోటు, మేజోళ్లు, తలమీద పొడి చల్లిన పెద్ద విగ్గు. ఫౌజుదారు ఎదురొచ్చాడు. దొర వారం రోజులు బట్టీపట్టిన పలకరింపు వాక్యం అందుకున్నాడు. వెనక ఆనందప్పకు భుజాలు మొదలయ్యాయి. భుజాలతో పాటు గొడుగు ఊగింది, పక్కకు ఒరిగింది. పైన తిరుగుతున్న ఒక గద్ద ఆ సందు చూసుకుని దిగి, తెల్లగా బొచ్చుగా కనిపించినదాన్ని కుందేలనుకుందో ఏమో, కాళ్లతో పట్టుకుని లేచిపోయింది. ఫౌజుదారు ముందు, ఆయన గుర్రాల ముందు, ఊరి జనం ముందు దొర నున్నటి గుండుతో నిలబడ్డాడు. ఆనందప్ప నేలమీద కూర్చున్నాడు.

"పెరూకె అంటే ఏంటండి మేడమ్?" అంది సుమశ్రీ వేళ్లు ఆపి.

"విగ్గు," అంది జాయ్సీ, గోడకేసి చూస్తూ. సుమశ్రీ శ్రద్ధగా రాసుకుంది.

నిండు చర్చిలో, మైకులో, మోసెస్ గారు శాలువా పట్టుకుని నిలబడి ఉండగా ఇది చదవాలి. మున్షీ కాడన్న మాట అటుంచితే, దయారత్నం ఇంటివాళ్లు రెండున్నర శతాబ్దాలుగా విగ్గులు చూసి నవ్వుతున్నారని ఆధారంతో సహా రుజువవుతుంది. కావాలనే పిలిచి అవమానించారని మోసెస్ గారు అనుకుంటే తప్పు పట్టడానికి కూడా ఉండదు. తలచుకుంటే గుండెల్లో రాయి పడింది. ఆ రాయిమీదే భుజాలు కూడా ఎగిరాయి, అదీ ఆమె ఖర్మ.

తండ్రికి వెంటనే చెప్పేయాలని బయల్దేరింది. ఆయన ఇంట్లో లేడు. అమీర్‌పేట్‌లోనే, వెనక సందులో, దుర్గేష్ ఫ్లెక్సీ షాపులో ఉన్నాడు.

"రా తల్లీ, సమయానికొచ్చావు," అన్నాడు దయారత్నం. ఆయన కాళ్లు నేలమీద లేవు. "దొరగారి ఫ్లెక్సీ. స్టేజీ వెనక కట్టడానికి."

"మేడం, జర గిట్ల సూడుండ్రి," అన్నాడు దుర్గేష్ కంప్యూటరు తిప్పి. "నా తాన బర్త్‌డే, శ్రద్ధాంజలి, లీడర్ స్వాగతం, గీ మూడే డిజైన్లున్నయ్. అంకుల్ ఏమో గీ దొర ముఖం ఒక్కటే తెచ్చిండు. బాడీ ఏడికెల్లి తేవాలె? గందుకే లీడర్ బాడీ పెట్టిన. మస్తు సెట్టయింది."

నిజమే. వెండ్లర్ దొర తెల్లటి ఖద్దరు వేసుకుని, రెండు చేతులూ జోడించి, ఓట్లు అడుగుతున్నట్టు నవ్వుతున్నాడు. తలమీద భుజాలదాకా ఉంగరాలు తిరిగిన విగ్గు. పక్కన తలపాగా చుట్టుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని మున్షీ ఆనందప్ప. ఆనందప్ప ఫొటో ఎక్కడ దొరుకుతుంది? అందుకని అది దయారత్నం ముఖమే. కింద గుండ్రాల్లో దయారత్నం భార్య యేసుమణి, జాయ్సీ, అయ్యగారు. సరిగ్గా దొర విగ్గు కింద ఉన్న గుండ్రంలో మోసెస్ గారు.

జాయ్సీ కౌంటరు పట్టుకుంది. భుజాలు.

"ఏడుస్తున్నావా తల్లీ? నాకూ అలాగే అయింది," అన్నాడు దయారత్నం కళ్లు తుడుచుకుంటూ. తర్వాత దుర్గేష్ వైపు తిరిగి, "బాబూ, దొరగారి జుట్టు ఇంకాస్త పెద్దది చెయ్యి. పండితుడు కదా, నిండుగా ఉండాలి" అన్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి అంకుల్. డబల్ చేస్త."

"నాన్నా, ఒక మాట," అంది జాయ్సీ.

"ఆదివారం సాయంత్రం లక్డీకాపూల్ వెళ్దామా అన్నారు మోసెస్ గారు. ఆ హోటల్ ఇంకా ఉందో లేదో కనుక్కుంటానన్నారు," అన్నాడు దయారత్నం. ఆయన ముఖంలో ఆ వెలుగు చూశాక ఆమె నోరు మూసుకుంది. జీవితంలో అదే మొదటిసారి కావచ్చు.

ఇంట్లో తల్లి యేసుమణి ఆదివారానికి కోటు ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ వేరే ఇంటినుంచి వచ్చిన మనిషి కాబట్టి ఆ నవ్వు రోగం లేదు. సుమశ్రీ టైపు చేసిన కాగితం జాయ్సీ బయటికి తీసి తలుపు దగ్గరగా వేసి మొత్తం చదివింది. గద్ద దగ్గర తనే రెండుసార్లు కూలబడింది.

యేసుమణి ఇస్త్రీపెట్టె తీసి పక్కన నిలబెట్టింది. "ఆ నవ్వు ముక్క మళ్లీ చదువు."

చదివింది. భుజాలు, గిలక, నేల.

"దొర మంచి మనిషే. సరిగ్గా చూశాడు," అంది యేసుమణి. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెళ్లిచూపుల్లో మా నాన్న ప్రార్థన అందుకున్నాడు. అందరం కళ్లు మూసుకున్నాం. మా మేక వచ్చి మా నాన్న పంచె నమలడం మొదలెట్టింది. కళ్లు తెరిచి చూసింది మీ నాన్నొక్కరే. ఆమెన్ అనేసరికి నేలమీద ఉన్నారు. సంబంధం వద్దన్నారు మావాళ్లు. నేనే కావాలన్నాను. చేసుకుంది ఆ నవ్వు చూసే. పద్దెనిమిదేళ్లయింది ఇంట్లో అది వినబడి."

"ఇప్పుడేం చేయమంటావు? నాన్నకు చెప్పేయనా?"

"చెబితే ఆదివారం జ్వరమని పడుకుంటారు. స్టేజీమీదే చదువు. మున్షీ కాడు, గొడుగు పట్టేవాడు అని చదువు. గొడుగు పట్టడం తప్పేం కాదు. నవ్వు ముక్క వదలకుండా చదువు."

"మరి విగ్గో?"

యేసుమణి గొంతు తగ్గించింది. "అదొక్కటీ టోపీ చెయ్యి. గద్ద టోపీ ఎత్తుకుపోయిందను. ఆ అబద్ధం సంగతి దేవుడితో నేను మాట్లాడుకుంటాను."

ఆదివారం పొద్దున్నే ఎండ చెడామడా తిట్టినట్టు కొట్టింది. చర్చి నిండిపోయింది. ఫ్లెక్సీ స్టేజీ వెనక గోడనంతా మింగేసింది. దుర్గేష్ అన్నమాట నిలబెట్టుకున్నాడు. దొర జుట్టు డబల్ అయింది. కొసలు మోసెస్ గారి గుండ్రంలోకి జారి ఆయన నుదుటిదాకా వచ్చాయి. చూసినవాళ్లంతా ఒక్కసారి చూసి, వెంటనే తమ బైబిళ్లలో ఏదో అత్యవసరంగా వెతుక్కోసాగారు. ముందు వరసలో సుమశ్రీ, జర్మన్ క్లాసు నర్సులు మరికొందరు బిర్యానీ మాట విని వచ్చి కూర్చున్నారు.

అయ్యగారు ప్రార్థన చేశారు. మోసెస్ గారు శాలువా మడత చేతిమీద వేసుకుని స్టేజీమీదికి వచ్చారు. ముఖంలో ఏ భావమూ లేదు గానీ, దయారత్నం పక్కన నిలబడేముందు ఆయన భుజంమీద ఓసారి చేయి వేశారు.

"కాగితం చదివిన వెంటనే శాలువా," అని మైకులో ప్రకటించారు అయ్యగారు. "చదవమ్మా జాయ్సీ."

జాయ్సీ మొదలుపెట్టింది. గొడుగు పట్టే మనిషి అనగానే జనంలో చిన్న గుసగుస. దయారత్నం ఫ్లెక్సీమీద తన చేతిలోని పుస్తకం వైపు చూశాడు, అది ఎక్కడైనా దాచేయగలడా అన్నట్టు. మోసెస్ గారి కనుబొమలు ముడిపడ్డాయి. జాయ్సీ తల్లి వైపు చూసింది. ఆవిడ ఆడవాళ్ల వరసలోంచి చదువు చదువు అన్నట్టు చేయి ఊపింది.

నవ్వు ముక్క చదివింది. భుజాలు అనగానే ఎవరో కిసుక్కుమన్నారు. గిలక అనగానే వెనక వరసలో కూర్చున్న రాజమ్మ, చర్చిలోకల్లా పెద్దావిడ, "అయ్యో, అచ్చం మన దయారత్నమే!" అంది పైకే. చర్చి అంతా నవ్వింది. దయారత్నం మాత్రం నవ్వలేదు. అవమానమో ఆశ్చర్యమో తెలియని ముఖంతో, పెదవులు బిగించి, నేల చూస్తూ నిలబడ్డాడు.

జాయ్సీ ఊపిరి పీల్చుకుంది. "అప్పుడు ఆకాశంలోంచి ఒక గద్ద దిగి, దొరగారి తలమీదున్న... టోపీ ఎత్తుకుపోయింది."

గండం గడిచింది. తర్వాతి వాక్యానికి నోరు తెరవబోయింది. ముందు వరసలో ఒక చేయి లేచింది, క్లాసులో లేచినట్టే, నిటారుగా.

"మేడమ్," అంది సుమశ్రీ. గొంతులో కల్మషం అన్నది లేదు. "టోపీ కాదండి, విగ్గండి. పెరూకె అంటే విగ్గని మొన్న మీరే చెప్పారండి. నేను రాసుకున్నానండి."

స్టేజీ పక్కన నిలువు ఫ్యాను ఒక్కటే తన మానాన తను తిరుగుతోంది. పద్దెనిమిదేళ్లుగా ఆ గోడల మధ్య ఎవరూ అనని మాట, భీమవరం పిల్ల ఒకటికి రెండుసార్లు, స్పష్టంగా, గట్టిగా అనేసింది. సంఘమంతా ఒక్కసారి తమ కాళ్లవైపు చూసుకుంది. మోసెస్ గారి వైపు చూసిన కన్ను ఒక్కటి లేదు. అయ్యగారు కళ్లు మూసుకున్నారు, ప్రార్థనలోకి వెళ్లినట్టు.

దయారత్నం భుజాలు ఎగిరాయి.

ఒకసారి ఎగిరి ఆగాయి. ఆయన రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాడు. ముఖం ఎర్రబడింది. మళ్లీ ఎగిరాయి. యేసుమణి తన చోటునుంచి లేచింది. తాపీగా నడిచి స్టేజీ ఎక్కి, బల్లమీద అయ్యగారి నీళ్ల గ్లాసు పక్కకు జరిపి, మళ్లీ వెళ్లి కూర్చుంది.

అప్పుడు వచ్చింది కీచు. మైకు దగ్గరగా ఉండడం వల్ల చర్చి నాలుగు మూలలకూ, బయట బిర్యానీ వడ్డించడానికి వేసిన షామియానా దాకా వినబడింది. దయారత్నం స్టేజీ మెట్టుమీద కూలబడ్డాడు. పద్దెనిమిదేళ్లది ఒక్కసారిగా వస్తోంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలియడం లేదు. "క్షమించండి మోసెస్ గారూ," అంటున్నాడు, కీచు, "ప్రభువా," కీచు, "క్షమించండి."

మోసెస్ గారు శాలువాతో అలాగే నిలబడ్డారు. ఆయన జాయ్సీ వైపు తిరిగారు. "తర్వాత ఏమైంది?"

"అంకుల్, ఇక చాలండీ..."

"చదవమన్నాను కదమ్మా. గద్ద తిరిగిచ్చిందా లేదా?"

జాయ్సీకి సొంత భుజాలు ఎగురుతున్నాయి, కళ్లలో నీళ్లు. మధ్యమధ్య ఆగుతూ చదివింది. ఈసారి ఒక్క మాట మార్చలేదు.

"గద్ద విగ్గు తిరిగి ఇవ్వలేదు. ఆనందప్పను పనిలోంచి తీసేశాను. ఇల్లు చేరి తలుపులు మూసుకున్నాను. ఈ బట్టతల సంగతి నా దేశంలో నా భార్యకు తప్ప తెలియదు. ఇన్నేళ్లు దాచాను, ఇవాళ ఊరంతా చూసింది. పొద్దున తలుపు తీస్తే ఆనందప్ప గొడుగుతో గుమ్మంలో ఉన్నాడు. నిన్ను పనిలోంచి తీసేశాను కదా అన్నాను. ఎండగా ఉందండీ, అన్నాడు. నా తలమీద గొడుగు పట్టాడు. ఆ తలవైపు మళ్లీ చూడలేదు, చూసినా దాన్నొక తలలాగే చూశాడు. రెండో విగ్గు పెట్టెలోనే ఉండిపోయింది. ఈ దేశంలో నెత్తికి గాలి తగలడం ఎంత హాయిగా ఉంటుందో మా ఊళ్లో ఎవరికని చెప్పను?"

చదవడం అయింది. మోసెస్ గారు ఫ్లెక్సీమీద దొర వైపు, ఆ డబల్ జుట్టు వైపు తలెత్తి చూశారు. దాని కింద గుండ్రంలో తనను చూసుకున్నారు.

"అయ్యగారూ, ఆ ఫ్యాను ఇటు తిప్పించండి," అన్నారు.

తిప్పారు. మోసెస్ గారు నెత్తిమీద చేయి పెట్టి, తీసి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నారు. నున్నటి తల చర్చి దీపాల కింద తళతళలాడింది. ఫ్యాను గాలి తగలగానే ఆయన కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి. "స్తోత్రం," అన్నారు మెల్లగా, నిజంగా మనసులోంచి.

ఆ తర్వాత ఆ చర్చిలో ఎవరు ఎవరిమీద పడి నవ్వారో చెప్పడం కష్టం. రాజమ్మను ఇద్దరు పట్టుకున్నారు. అయ్యగారు ప్రసంగపీఠం వెనక కిందికి వంగిపోయి మళ్లీ కనిపించలేదు. సుమశ్రీ ఒక్కతే, తను ఏం తప్పు చేసిందో తెలియక, అందరి ముఖాలూ చూస్తూ కూర్చుంది. మోసెస్ గారు మెట్టుమీదున్న దయారత్నం పక్కన తనూ కూర్చుని, ఎగురుతున్న భుజాలమీద శాలువా కప్పారు. అది నిలబడితే కదా, ఎగిరి కిందపడింది. మళ్లీ కప్పారు. మళ్లీ పడింది. మూడోసారి పట్టుకునే కూర్చున్నారు.

బిర్యానీ షామియానా చర్చి ఆవరణకు అవతలి కొసన ఉంది. మధ్యలో నీడ లేదు. మోసెస్ గారు చర్చి గడప దాటి ఎండలోకి అడుగుపెట్టారు. వెనకనుంచి ఏదో టప్పుమని తెరుచుకుంది. యేసుమణి బ్యాగులోని గొడుగు, ఊదారంగు పూలది, ఆయన తలమీదికి వచ్చింది.

"ఎందుకయ్యా ఇది?" అన్నారు మోసెస్ గారు ఆగి.

దయారత్నం గొడుగు రెండు చేతులతో పట్టుకున్నాడు. అది ఇంకా ఊగుతూనే ఉంది.

"ఎండగా ఉందండీ," అన్నాడు.